మనుషులు ఆడిన ఆట

పెద్ద లీగులో, బంతితో పరిగెత్తేవాణ్ణి గుద్ది పడేసే అమెరికన్ ఫుట్‌బాల్‌ను యంత్రాలే ఆడుతున్న కాలమది. విశాఖలో కబడ్డీ కోచ్ నూకరత్నం దానికి పోటీగా మనుషులతో అదే ఆటకు లీగు మొదలుపెట్టింది.

"దెబ్బలు తినే మనుషుల్ని చూడ్డానికి ఎవులొస్తారే?" అన్నాడు భర్త, జెర్సీలు ఆరేస్తూ.

మొదటి ఆట జనానికి నచ్చకపోతే రెండోది ఉండదని ఆమెకు తెలుసు.

ఆ రోజు బంతితో దూసుకుపోతున్న అప్పన్నను ఎదుటి జట్టు సింహాద్రి గుద్ది పడేశాడు. యంత్రం పడితే ఇంకోటి దింపడమే ఎరిగిన జనం ఇప్పుడూ ఇంకొకణ్ణి దింపుతారని ఎదురుచూశారు. సింహాద్రి వంగి చెయ్యందించాడు.

"గట్టిగా తగిలిందేటి?"

"నేదురా, పద," అంటూ అప్పన్న లేచాడు.

స్టేడియమంతా అతనితోపాటు లేచి నిలబడింది. ఆట ముగిశాక కూడా ఎవరూ కదల్లేదు. ఒక ముసలామె మైదానంలోకి వచ్చి, అప్పన్న కమిలిన భుజం నిమిరి, నూకరత్నం వైపు తిరిగింది.

"మల్లీ ఆటెప్పుడమ్మా?"