డోర్నకల్ దోస్తు ఉత్తరం

"చదువు. ఒక్క ముక్క దాచినా వీణ్ణి ఇక్కడనే కాలుస్త" అంటూ పోలీసు అమీను కాగితాన్ని కస్తూరి చేతిలో పెట్టాడు.

వీడంటే జాల్యా. తండా మనిషి, గడ్డి మోపులు అమ్ముకునేవాడు. చేతులు వెనక్కి విరిచి కట్టి, షావుకారు ఈశ్వరయ్య ఇంటి అరుగు ముందు మోకాళ్ళ మీద కూలేశారు. కాగితం అతని తలపాగాలో దొరికింది. "డోర్నకల్ టేషన్ కాడ ఎవరో పిల్ల ఇచ్చింది సార్, దోస్తుకు ఇయ్యమన్నది" అని, ఎన్ని దెబ్బలు పడ్డా అదొక్కటే మాట.

దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్ళ ఉత్తరమని అమీను అనుమానం. తేల్చుకుందామంటే ఆయనకు వచ్చింది ఉర్దూ, కాగితం మీద ఉన్నది తెలుగు. పోలీసులదీ ఆ చదువే. పట్వారీ సంఘానికి జడిసి నెల కిందటే హన్మకొండకు చెక్కేశాడు. ఈశ్వరయ్య సరుకుకని మానుకోట పోయాడు. ఊళ్ళో ఇంకెవరికి చదువొచ్చని అమీను గర్జిస్తే పక్కింటి సత్తెమ్మ నోరు ఊరుకుందా?

"షావుకారు బిడ్డ ఉన్నది గద సార్! మా కస్తూరి ఎంత లావు పుస్తకమైనా పట్టుకున్నదంటే గడగడ సదివి మాకు కతలు చెప్తది" అనేసింది. మెచ్చుకోలే, కాదనను. సమయం సందర్భం చూడొద్దూ!

కస్తూరి కాగితం కేసి చూసింది. చూస్తూనే ఉంది. అందులో ఉన్నది ఉన్నట్టు బయటికొస్తే జాల్యా ప్రాణం ఒక్కటే పోదు, ఇంకా ఎన్ని ఇళ్ళ మీదికి పోలీసు లారీ పోతుందో. ఆ సంగతి మాత్రం ఆమెకు బాగా తెలుసు.

"ఏంది, నోరు పడిపోయిందా?" లాఠీ అరుగు మీద టకటకలాడింది.

వాళ్ళ నాయిన చదివేటప్పుడు పెట్టినట్టే మొదటి వరుస మీద వేలు పెట్టింది కస్తూరి.

"నా దోస్తుకు... సోమవారం నాడు దొరసానమ్మ దగ్గర ఊలు అల్లిక మొదలుపెట్టిన. నీలం రంగు. మంగళారం అమ్మ నూనెకు తోలితే పట్టాల పొంటి పోయిన. రైలు పోతాంటే కిటికీలల్ల ఉన్నోళ్ళందరికి చెయ్యూపిన. నూనె సంగతే యాది మరిచిన."

ఒక పోలీసు కిసుక్కున నవ్వాడు. కస్తూరి డోర్నకల్ మొహం చూసిన పాపాన పోలేదు. అయినా ఏం, మాట వెంట మాట అదే వస్తోంది.

"బుధవారం ఒక పుస్తకం పట్టిన. అండ్ల రాజు బిడ్డ సముద్రం దాటుతాంటే ఇక్కడ పొయ్యి మీద అన్నం మాడిపోయింది. బేస్తారం నలుగురం దోస్తులం గుట్టకు సీతాఫలాలకు పోయినం. గింజ ఎవరు దూరం ఊస్తరో పందెం పెట్టుకున్నం. నేనే గెలిచిన. శుక్రారం దర్జీ దగ్గరికి రెండుసార్లు, పోస్టాఫీసుకు ఒకసారి. మళ్ళ ఇంకో పుస్తకం."

చెబుతూ చెబుతూ కస్తూరి ఎండను మరిచిపోయింది, తుపాకులనూ మరిచిపోయింది. ఊలు దారం వేళ్ళకు మెత్తగా తగులుతోంది. రైలు గాలికి కొంగు ఎగురుతోంది. నోట్లో సీతాఫలం తీపి. నవ్విన పోలీసు తుపాకీని గోడకు ఆనించి, చెంపకు చెయ్యి చేర్చుకుని వింటున్నాడు.

"ఠైరో, ఆగు" అన్నాడు అమీను. "ఊలు అల్లిక ఏమైంది?"

"ఊలు అంగీకి ఒక చెయ్యి అయింది సాబ్. రెండోది వచ్చే వారమట."

"శనివారం?"

శనివారం! కస్తూరికి ఏమీ తోచలేదు. వేలు వరుస మీద ఆగిపోయింది. అమీను కళ్ళు చిన్నవయ్యాయి. జాల్యా తల ఇంకా కిందికి వాలింది.

"శనివారం... ఏం పని చెయ్యలేదట సాబ్. మంచంల ఎల్లెలకల పండుకొని పొద్దంత మబ్బులు చూసిందట."

అమీను మీసాల్లోనే నవ్వాడు. "మా బిడ్డ గూడ గంతే. పని చెప్తే చాలు, మబ్బులు చూస్తది. కానియ్."

"ఐతారం గుడి గంట కొట్టంగనే లేచి నీకు ఈ ఉత్తరం రాస్తున్న. నువ్వు ఎప్పుడొస్తవ్?"

కస్తూరి కాగితం మీంచి వేలు తీసింది. అటువంటి వారం ఒక్కటంటే ఒక్కటి తనకు దొరికితే ఎంత బాగుండును!

"ఛత్! ఆడపిల్లల ముచ్చట్లకు పొద్దంత ఖరాబాయె" అని అమీను లేచాడు. జాల్యా వీపు మీద ఆఖరుది ఒకటి వేసి కట్లు విప్పించాడు. "పో, ఇచ్చుకో దోస్తుకు!"

లారీ మానుకోట బాట పట్టి, దుమ్ము అణిగిందాకా ఎవరూ కదలలేదు. జనం చెదిరాక జాల్యా కుంటుకుంటూ అరుగు దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"చెల్లె, నాకు సదువు రాదు గని, గది సంఘపోళ్ళ దళం కాగితమని నాకెరికె. అండ్ల మావోళ్ళ పేర్లున్నయ్, ఊర్లున్నయ్. గవన్ని కండ్లతోటి చూసుకుంట నోటితోటి ఇంకోటి ఎట్ల సదివినవే? జరంతన్న గొంతు వణకలె!"

కస్తూరి కాగితాన్ని జాగ్రత్తగా మడిచి అతని చేతికిచ్చింది. సత్తెమ్మ వినేంత దగ్గర్లో లేదు కదా అని అటూ ఇటూ చూసింది. ఈ మాట ఇన్నేళ్ళుగా కన్నతల్లికి కూడా చెప్పలేదు.

"ఏ పేర్లో ఏ ఊర్లో నాకెట్ల తెలుస్తదన్నా? నాకు అచ్చరం ముక్క రాదు."