అమ్ముదామా, ఉంచుదామా

నెలలో మొదటి శనివారం వచ్చిందంటే హిల్మాకు అద్దం ముందు చాలాసేపు పడుతుంది. ఆ రోజూ అంతే. ఉన్న మఫ్లర్లన్నీ మార్చి చూసి, చివరికి నీలం రంగుది చుట్టుకుని, దారంతా కూనిరాగం తీస్తూ కారు నడుపుకుంటూ వచ్చింది. కెనడాలోని థండర్ బే ఊరు ఊరంతా మంచు కప్పుకుని ఉంది. ఆమెకు మాత్రం చలి తెలియలేదు.

హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర ఆర్వో అప్పటికే కూర్చుని ఉన్నాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. ముందు పేపరు పరిచి ఉంది.

"అమ్మేద్దాం," అన్నాడు, ఆమె కోటు విప్పకముందే.

"ఉంచుదాం," అంది హిల్మా, కుర్చీ లాక్కుంటూ.

లింక్స్ పోర్టేజ్ అనే బంగారు గనుల కంపెనీలో ఇద్దరి పేరునా కలిపి షేర్లున్నాయి. అమ్మాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. పోయిన నెల అమ్మేద్దామని పట్టుబట్టింది హిల్మాయే. బంగారం ధర ఇవాళో రేపో పడిపోతుందని బల్ల గుద్ది మరీ చెప్పింది. ఆర్వో ససేమిరా అన్నాడు. కొత్త గని తవ్వుతున్నారు, ఇప్పుడు అమ్మేవాడంత వెర్రివాడు ఉండడన్నాడు. ఈ నెల ఆయన మాటలు ఈమె నోట్లోకి, ఈమె మాటలు ఆయన నోట్లోకి వచ్చాయి.

"టొరంటోలో పెద్దపెద్దవాళ్లంతా అమ్ముకుంటున్నారు హిల్మా."

"టొరంటో వాళ్లకి వాకిట్లో మంచు తోసుకోవడమే చేతకాదు. వాళ్ల మాట పట్టుకుంటావా?"

"నా మాట పట్టుకో మరి. ఇన్నేళ్లు ధాన్యం గోదాముల్లో పనిచేశాను. ధర ఎప్పుడు దిగుతుందో నా మోకాలు చెప్పేస్తుంది."

"పోయిన నెల పెరుగుతుందని చెప్పింది కదా నీ మోకాలు."

"అది ఎడమది. ఈసారి కుడిదాన్ని అడిగాను."

హిల్మా నవ్వు ఆపుకోలేక కాఫీ ఒలకబోసుకుంది. చుట్టుపక్కల బల్లలవాళ్లూ నవ్వారు. ఆ హోటల్లో శనివారం పొద్దున వచ్చేవాళ్లలో సగంమంది వీళ్ల వాదన వినడానికే వస్తారు. వడ్డించే డెనీస్ అయితే వినీవినీ తనూ ఆ కంపెనీ షేర్లు కాసిని కొనేసింది. ఆమె ఈ ఊరికి కొత్త.

"పెద్దాయనా, ఈ ఒక్కసారికి మీ ఆవిడ మాట వినకూడదూ?" అంది డెనీస్ బల్ల తుడుస్తూ.

ఆర్వో చెవులు ఎర్రబడ్డాయి. హిల్మా పాన్‌కేకు మీద మేపుల్ సిరప్ అవసరానికి మించి పోసుకుంది.

ఇంతలో డెనీస్ ఫోన్ మోగింది. చూసుకుని నోరు తెరిచింది. నిన్న సాయంత్రం మార్కెట్ మూసేశాక కబురు బయటికొచ్చిందట. ఎవరో పెద్ద గనులవాళ్లు లింక్స్ పోర్టేజ్‌ను మొత్తంగా కొనేస్తున్నారు. ఉన్న ధరకు రెట్టింపు ఇస్తారట. డెనీస్ చేతిలో గుడ్డ గాల్లోకి ఎగిరింది. వంటవాడు గరిటెతోనే బయటికి వచ్చి ఆమెతో నాలుగు చిందులు వేశాడు. ఎవరో అందరికీ కాఫీ తన లెక్కలో పోయమన్నారు.

కిటికీ పక్క బల్ల దగ్గర మాత్రం ఆర్వో పేపరు మడిచి పక్కన పెట్టేశాడు.

"అంటే, మనం ఉంచుకుంటామన్నా కుదరదా?" అని అడిగింది హిల్మా.

కుదరదంది డెనీస్. షేర్లున్నవాళ్లలో మూడింట రెండు వంతులు సరేనంటే చాలు, అందరి షేర్లూ ఆ కొనేవాళ్లవే, అందరి చేతికీ డబ్బే. ఇంత అదృష్టం తలుపు తడితే ఇద్దరూ అలా మొహాలు వేలాడేశారేమిటని నిలదీసింది. హిల్మా పళ్లెం పక్కకు నెట్టేసింది. ఆర్వో చక్కెర వేయని కాఫీని తెగ కలుపుతున్నాడు.

ఉన్నట్టుండి ఆ చెంచా ఆగింది.

"హిల్మా, ఆ డబ్బుతో బ్యాంకు షేర్లు కొంటే?" అన్నాడు.

"ఏ బ్యాంకువి?"

"మన పెద్ద బ్యాంకుల్లో ఏదో ఒకటి. వాటిని ఎవడూ ఇలా మొత్తంగా ఎగరేసుకుపోలేడు. చట్టం ఒప్పుకోదు."

ఆమె తలెత్తి చూసింది. "ఇద్దరి పేరునా కలిపేనా?"

"కలిపే."

"మరి అమ్మేదెప్పుడు?"

"అది ఇప్పుడే ఎలా తేలుతుంది? నెలనెలా కూర్చుని మాట్లాడుకోవాలి."

"వచ్చే నెల నేను అమ్మేద్దామంటాను."

"నేను ఒప్పుకోను," అన్నాడు ఆర్వో.

హిల్మాకు నవ్వొచ్చింది. ఆర్వోకూ వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. పాన్‌కేకులు సగంలో వదిలేసి, జారే మంచులో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, బడి ఎగ్గొట్టిన పిల్లల్లా రోడ్డు దాటి ఎదురుగా ఉన్న బ్యాంకులో జొరబడ్డారు.

అక్కడి అమ్మాయికి సంగతంతా చెప్పారు. డబ్బు రాగానే చేతికివ్వొద్దు, పంచొద్దు, ఇద్దరి సంతకాలూ లేనిదే కదలకుండా ఆ షేర్లలో పెట్టమన్నారు. ఒకరు చెబుతుంటే మరొకరు అందుకున్నారు. ఆ అమ్మాయి మురిసిపోయింది. ఈ వయసులోనూ ఇంత ముచ్చటగా ఉన్నారు, మీ పెళ్లయి ఎన్నేళ్లయిందండీ అని అడిగింది.

"విడాకులయ్యే తొమ్మిదేళ్లయిందమ్మా," అంది హిల్మా మఫ్లరు సర్దుకుంటూ, "ఇల్లూ పడవా అన్నీ అప్పుడే పంచేసుకున్నాం, మిగిలిన ఈ షేర్లు కూడా అమ్మి పంచేసుకుంటే ఇక మేం కలుసుకోవాల్సిన పనే ఉండదు."