ఎవలి దిక్కు చుట్టం

గేటు గొళ్ళెం తీసుకొని ఒకాయన లోపలికి వచ్చాడు.

"ఏమన్నా, మంచిగున్నవా? చెల్లె, జర మంచినీళ్ళియ్యి" అంటూ వాకిట్లోని నులక మంచం మీద కూర్చున్నాడు.

గంగాదాస్‌కు ఆ ముఖం గుర్తు రాలేదు. ఇంచుమించు తన వయసే. పొడుగు మనిషి. భుజం మీద తెల్ల తువ్వాల, మడమల దాకా పసుపు దుమ్ము.

'చెల్లె అన్నాడు. వెంకవ్వ దిక్కు చుట్టమే' అనుకున్నాడు.

భార్య వెంకవ్వ నీళ్ళ చెంబు ఇచ్చి, అడగకుండానే చాయ్ పెట్టింది. ఇంకేం అనుమానం?

"ఎటు నుంచి రాకడ?"

"వేల్పూర్ నుంచన్నా. మార్కెట్ల పసుపు బస్తాలు దించి, ఇట్ల వచ్చిన."

పేరు అడగబోయి ఆగాడు గంగాదాస్. అత్తగారి తరఫు చుట్టాన్ని నీ పేరేందని అడిగితే ఇంకేమన్నా ఉందా? ఇంట్లో ముఖం ముడుచుకునే మనిషితో వేగేదెవరు?

గంగాదాస్ కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి, రెండు వేల నాలుగులో రిటైరయ్యాడు. వయసంతా స్తంభాల మీదే గడిచింది. కిందికి దిగాక భార్యతో ఏం మాట్లాడాలో తోచేది కాదు.

"తిన్నవా?"

"తిన్న."

"మందేసుకున్నవా?"

"ఏసుకున్న."

అంతటితో పొద్దు గూకేది.

ఆ మనిషి వచ్చిన సాయంత్రం మాత్రం వేరు. వారానికోసారి వచ్చేవాడు. సిద్ధుల గుట్ట బండల మీద ఎండ మెత్తబడేది. మార్కెట్ దిక్కు నుంచి గాలి పసుపు వాసన మోసుకొచ్చి, గోడలకు, గిన్నెలకు, మనుషులకు కూడా పూసిపోయేది. ఆయన నేల మీద సుద్దతో పచ్చీసు ఆట గళ్ళు గీసేవాడు. గవ్వలు గలగలమనేవి.

"చెల్లె, మా అన్న గవ్వ దాస్తున్నడు జూడు!"

"ఇంట్ల ఉప్పు డబ్బ యాడున్నదో తెల్వది గని, గవ్వలు దాసుడు బాగ తెలుసు!"

వెంకవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వేది.

ఆ నవ్వు కోసమే గంగాదాస్ కావాలని ఓడిపోయేవాడు.

ఒక్కోసారి ఆయన ఆట ఆపి, చాయ్ గ్లాసు చేతిలో అట్లాగే ఉంచుకొని, వీళ్ళిద్దరి వంక చూస్తూ ఉండిపోయేవాడు. జాతరలో దేవుని పల్లకి పోతుంటే చూసినట్టు.

పసుపు అమ్మకాలు ముగిసినా రాక మానలేదు.

ఎండాకాలం ఆలూర్‌లో వెంకవ్వ మేనకోడలి పెండ్లి జరిగింది. గంగాదాస్ పందిరంతా కలియజూశాడు.

"మీ అన్న రాలేదేందే?"

"ఏ అన్న?"

"గా వేల్పూరాయన."

అన్నం ముద్ద వెంకవ్వ నోటి దగ్గరే ఆగింది. "మా అన్నేంది? గాయన మీ తమ్ముడు గాదా?"

"నాకేడి తమ్ముడే!"

"మరి నిన్ను అన్నా అన్నా అంటడు గద!"

"నిన్ను చెల్లె అంటలేడా?"

ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. నవ్వు రావాల్సిన చోట భయం వచ్చింది.

"పత్తా లేనోన్ని ఇన్ని దినాలు ఇంట్ల కూసోపెట్టుకున్నమా!" అంది వెంకవ్వ, మెడలో పుస్తెలతాడు తడుముకుంటూ.

తర్వాతి వారం గేటు చప్పుడైంది. గంగాదాస్ పరుగున వెళ్ళి లోపలి నుంచి గొళ్ళెం పట్టుకున్నాడు.

"నువ్వు ఎవలి దిక్కు చుట్టానివి?"

ఆయన నవ్వాడు. "ఎవలి దిక్కు గాదన్నా."

"మరెందుకొస్తున్నవ్?"

"మీరిద్దరు కూసొని చాయ్ తాగుతుంటే సూడబుద్ధయితది."

"సూసెతందుకు ఇదేమన్న సినిమా హాలా?"

ఆయన గడపలో నిలబడ్డ వెంకవ్వను ఒక్కసారి చూశాడు. ఏదో చెప్పబోయి మానుకున్నాడు.

"తప్పయింది చెల్లె. పైలం."

మళ్ళీ రాలేదు.

పచ్చీసు గీతలు తొలి వానకు కొట్టుకుపోయాయి. గంగాదాస్ తనే మళ్ళీ గీశాడు. ఇద్దరే కూర్చొని గవ్వలు వేశారు. అతను ఓడిపోయినా ఆమె నవ్వలేదు.

"గాయన మన సొమ్మేం దోసుకపోయిండయ్యా?" అంది వెంకవ్వ ఒకనాడు. "పా, పోయి తోల్కొద్దాం."

ఇద్దరూ వేల్పూర్ బస్సెక్కారు. పేరు తెలియదు. దిగిన చోట ఆనవాళ్ళు చెప్పారు. పొడుగు మనిషి, తెల్ల తువ్వాల, పచ్చీసంటే పిచ్చి.

"ముత్తెన్ననా?" అన్నాడు చాయ్ కొట్టాయన. "అయ్యో, మొన్ననే గుండె ఆగి పోయిండు గదా!"

గంగాదాస్ ఆ ఇల్లెక్కడో అడిగాడు. పక్కన వెంకవ్వ, 'ముత్తెన్న' అన్న పేరు వినగానే బిగుసుకుపోయింది. ఎందుకో అతనికి అర్థం కాలేదు.

ఆ ఇంటి అరుగు మీద ముత్తెన్న చెల్లెలు భాగ్యవ్వ కూర్చొని ఉంది. వీళ్ళు తమ పేర్లు చెప్పగానే లేచి, వెంకవ్వ చేతులు పట్టుకుంది.

"మా వదినె పోయినంక ఒక్కనికి ఇల్లు బుగులైతుందనేటోడు. మీ ఇంటికి వచ్చిన దినమే కడుపు నిండ తినేటోడు బిడ్డా."

"గా ముత్తెన్ననేనా?" అంది వెంకవ్వ. "మా నాయిన సచ్చేదాక తిట్టిండు గాయనను. నేను గూడ తిట్టిన."

"తిట్టనీయిండ్రి అనేటోడు" అని, భాగ్యవ్వ గంగాదాస్ వైపు తిరిగింది.

"నీకు ఎరుకనో లేదో అన్నా... అప్పట్ల ఆలూర్‌ల ఈమెతోని పెండ్లి ఖాయమయ్యే వరపూజ నాడు, పిల్ల సూపు తన మీద లేదు, బయట స్తంభమెక్కి తీగ గుంజుతున్న నీ మీదున్నదని కనిపెట్టి, పిల్ల నాకు నచ్చలేదని నింద తన నెత్తినేసుకొని లేచొచ్చిన పెండ్లికొడుకు మా అన్ననే."