వర్నన్ వరండాలో ఐస్ టీ

దిక్కులేని పిల్లల బాగోగుల కోసం ఇంటి పన్ను పెంచాలా వద్దా అని అమెరికాలోని మా కౌంటీలో, అంటే మా జిల్లాలో, మర్నాడే ఓటింగ్. వర్నన్ తన ఇంటిముందు పచ్చికలో ‘వద్దు’ అన్న బోర్డు పాతుతున్నాడు. వరండా మెట్ల మీద ఎవరో చిన్నపిల్ల బూట్లున్నాయి. నేను ‘కావాలి’ అన్న కరపత్రం అందించాను.

“అన్ని గడపలూ వదిలేసి నా గడపకే వచ్చావా, డెల్లా? కౌంటీవాళ్లు నిన్ను తెచ్చి అప్పగిస్తే పెంచి పెద్దచేశాను. ఇప్పుడు తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావు.”

“మీరు పెట్టింది ఏదీ మరిచిపోలేదు.”

“ఆ డబ్బంతా ఆఫీసువాళ్లే మేస్తారు, చూస్తుండు.”

“పిల్లల్ని అప్పగించిన ఇళ్ల తనిఖీకి మనుషుల్ని పెంచుతారు. నా రోజుల్లో కౌంటీ మొత్తానికీ ఒక్కావిడే. ఇదే వరండాలో కూర్చుని, మీరిచ్చిన ఐస్ టీ తాగి, పిల్ల బాగానే ఉందని వెళ్లిపోయేది.”

“మర్యాద తెలిసిన మనిషి,” అంటూ బోర్డు మీద ఇంకో దెబ్బ వేశాడు.

పన్ను పెంపు నెగ్గింది. వేసవిలో కౌంటీ తనిఖీ ఉద్యోగి గుర్తింపు కార్డు మెడలో వేసుకుని మళ్లీ ఆ మెట్లెక్కాను. వర్నన్ ఆ కార్డు చదివాడు. అయినా అలవాటు కొద్దీ ఐస్ టీ గ్లాసు చాపాడు.

“తాగడానికి రాలేదు,” అన్నాను. “నేలమాళిగ చూపించండి. తలుపు గొళ్లెం ఇంకా బయటివైపే ఉందా?”