బుద్ధి నేర్చిన కుక్కపిల్ల

1938లో ఎల్లారెడ్డిలో మా కుక్కపిల్ల చెప్పులు కొరికేది, వంటింట్లో ఉచ్చ పోసేది. ఓపికగా రెండూ మాన్పించాను. చచ్చిన ఎలుకలను తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టడం మాత్రం మానలేదు.

“నీకు చూపెట్టనీకి తెస్తున్నదవ్వా, కొట్టకు,” అంది మనవరాలు తార.

“వేట మరిగింది నీ దొరసాని! మెచ్చుకుంటే రోజూ తెస్తది,” అని మూతి మీద కొట్టి, పూటంతా పస్తు ఉంచాను.

నాలుగోసారి కొట్టాక మానేసింది.

“చూసినవానే, బుద్ధొచ్చింది,” అన్నాను.

“బుద్ధి గాదవ్వా, భయమొచ్చింది,” అంది తార, దాన్ని ఒళ్లోకి తీసుకుని.

మా వైపు ఎలుకలు వాటంతటవే చచ్చి పడితే ప్లేగు వచ్చినట్టు. వెంటనే ఇండ్లు విడిచి చేలల్లో గుడిసెలు వేసుకుంటాం. ఆ నెలలో బీబీపేట నుంచి ప్లేగు కబురు వచ్చినా, మా ఇంట్లో ఎలుక పడలేదని నేను కదలలేదు.

తారకు జ్వరం వచ్చింది, చంకలో గడ్డ లేచింది. నాలుగో రోజు పిల్ల పోయింది.

చివరి స్నానానికి నీళ్లు కాచాలని దొడ్లో కట్టెలు తీశాను. వాటి వెనక ఎలుకలు దాచిపెట్టి ఉన్నాయి. ఒక్కదాని మీదా పంటిగాటు లేదు.

నా చేతిలో కట్టె చూసి కుక్కపిల్ల మూతి దాచుకుంది.