సిత్ వగీదా వంటింటి పచ్చ

“ఇదా పుదీనా రంగు? ఇది చచ్చిన పుదీనా, ఉస్తా!”

సిత్ వగీదా తాను తెచ్చిన పుదీనా కట్టను దుకాణం బల్ల మీద పెట్టి, పక్కన ఆరుతున్న అట్టముక్కను వేలితో చూపించింది. అట్ట మీది రంగు నిజంగానే ఎండలో మరిచిపోయిన కట్టలా వాడిపోయి ఉంది. రంగుల మేస్త్రీ ఉస్తా బదవీ కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, ఎక్కడలేని ఆశ్చర్యమూ మొహంలోకి తెచ్చుకున్నాడు.

“అరే, తడిగా ఉన్నప్పుడు బాగానే ఉందే! ఆరాక మోసం చేసింది.”

“మోసం చేసింది రంగా, రంగులాయనా?”

“ఎంత మాట! మా నాన్న నాటి నుంచి బహరీ వీధిలో సగం కిటికీలు మా రంగులే. అయినా గోడ ఎన్ని మీటర్లో చెప్పారు కాదు. ఎంత కలపాలో తెలియాలి కదా?”

“ముందు పచ్చ కుదరనీయండి. గోడ ఎక్కడికి పోతుంది?”

“వంటిల్లు కదా, నూనె రంగు వేయిస్తే మంచిది. ఆవిరి పట్టినా గుడ్డతో తుడిచేయొచ్చు.”

“తుడవడానికేం, మా గోడలు ఇప్పుడూ తుడిస్తే చాలు, మెరుస్తాయి. ఇదిగో, ఈ చచ్చిన పుదీనా కూడా చిన్న డబ్బాలో పోసివ్వండి. ఇంట్లో మరోసారి చూసుకుంటాను.”

ఆమె అలా సందు మలుపు తిరిగిందో లేదో, ఎదురు కాఫీ కొట్టు మిత్‌వల్లి టీ గ్లాసుతో సహా ఊడిపడ్డాడు.

“ఒరేయ్ బదవీ! ఈసారి ఏం కలిపావురా అందులో?”

“గోధుమరంగు. ఒక్క చెంచా.”

“సిగ్గులేనివాడా! పోయిన వారం నలుపు, అంతకుముందు పసుపు. నోరు తెరిచి పెళ్ళాడమని అడగలేక, పాపం ఆ వంటింటిని ఇలా ఏడిపిస్తున్నావా?”

“అడిగాక కాదంటే? మళ్ళీ ఈ గడప తొక్కుతుందా? పచ్చ కుదిరితే డబ్బా పట్టుకుని పోతుంది. కుదరనంత కాలం వస్తుంది. నువ్వే చెప్పు, ఏది మేలు?”

బదవీ భార్య పోయి ఏళ్ళయింది. అప్పటి నుంచి అతని భోజనం వీధి చివర బండి మీది ఉడికించిన చిక్కుళ్ళే. సిత్ వగీదా భర్తా ఎప్పుడో పోయాడు. ఒక్కగానొక్క కూతురు కాపురానికి మన్సూరా వెళ్ళింది. ఆమె దుకాణంలోకి వచ్చి “ఉస్తా!” అని పిలిస్తే చాలు, బదవీకి డబ్బాల్లోని రంగులన్నీ ఒక్కసారి మూతలు తోసుకుని లేచినట్టుండేది.

తర్వాత ఆమె కీరదోసకాయ తెచ్చింది. దోసకాయ పచ్చ కాస్తా బఠాణీ పచ్చయింది. సోయాకూర తెచ్చింది, నాచు రంగు వచ్చింది. ద్రాక్షాకు ఒక్కటే చూపిస్తే అర్థం కావడం లేదేమోనని, అందులో అన్నం చుట్టి ఉడికించి పళ్ళెం నిండా తెచ్చింది.

“వండాక ఏ రంగులో ఉంటుందో బాగా చూడండి, ఉస్తా.”

బదవీ చాలా బాగా చూశాడు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా చూశాడు.

ఆఖరికి ఓ ఉదయం ఆమె ములూఖియా ఆకుకూర తెచ్చింది, అప్పుడే కడిగిన లేతాకు. బదవీ ఆమె గాజుల చప్పుడు వింటూ, ఆమె చెబుతున్న పక్కింటి పిల్లి కథకు నవ్వుతూ, చేతులు ఏం చేస్తున్నాయో చూసుకోకుండా కలిపేశాడు. తీరా చూస్తే డబ్బాలో అచ్చంగా ములూఖియా! ఆకు అందులో పడేస్తే మళ్ళీ దొరకదు.

ఆమె వీధివైపు తిరిగి ఉంది. గబుక్కున నల్లరంగు చెంచా అందుకున్నాడు.

“ఆ నల్లచుక్క ఎందుకు, ఉస్తా?”

ఎప్పుడు తిరిగిందో ఏమో! చెంచా గాల్లోనే ఆగిపోయింది. అబద్ధం కోసం వెతికాడు, ఒక్కటీ చేతికి అందలేదు.

“పచ్చ కుదిరితే... మీరు మళ్ళీ రారు కదా.”

సిత్ వగీదా తలగుడ్డ చెంగుతో నోరు కప్పుకుని, ఆకు బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది. వెనకనుంచి చూస్తే ఆమె భుజాలు అదురుతున్నాయి.

“ఏడిపించానురా,” అన్నాడు బదవీ, మిత్‌వల్లి ఇచ్చిన టీ తాగకుండా చల్లారబెడుతూ. “మంచి మనిషిని, నడివీధిలో ఏడిపించాను.”

మర్నాడు మిత్‌వల్లి కబురు మోసుకొచ్చాడు. “శిక్ష పడిందిరా నీకు! శుక్రవారం నమాజు కాగానే రంగూ కుంచెలూ పట్టుకుని రమ్మంది. నీ చేత్తోనే వంటిల్లంతా వేయాలట. వాళ్ళ అన్నగారు కూడా ఉంటారట.”

శుక్రవారం బదవీ రంగు పనికి ఇస్త్రీ చేసిన పొడుగు గలాబియా అంగీ వేసుకుని బయలుదేరాడు. ములూఖియా పచ్చ ఒక చేతిలో, కుంచెలు మరో చేతిలో. వెనక నిచ్చెన మోస్తూ, దారిపొడవునా తిడుతూ మిత్‌వల్లి. తలుపు తీసిన అన్నగారు హాజీ ఫిక్రీ ఎందుకో మీసం కొరుక్కుంటున్నాడు.

“శిక్షకు వచ్చాను,” అన్నాడు బదవీ తల వంచుకుని. “పని అయ్యాక తమరిని ఒక మాట అడగాలి.”

“అడుగుదువు గాని. ముందు వంటిల్లు చూడు నాయనా, ముందు చూడు!”

వసారాలో నేతి డబ్బాల్లో పుదీనా, తులసి గుబురుగా పెరిగి ఉన్నాయి. ఒక డబ్బా చచ్చిన పుదీనా రంగు, ఒకటి బఠాణీ, ఇంకొకటి నాచు. తన తప్పులన్నీ వరసగా నిలబడి పలకరించినట్టయింది అతనికి. పాపం, ఒక్కటీ పారేయలేదు.

“ఒరేయ్,” మిత్‌వల్లి చెవిలో గొణిగాడు, “ఆ పళ్ళెంలో ఎర్ర షర్బత్ చూశావా? నిశ్చితార్థానికి కదరా పోసేది!”

బదవీకి వినపడలేదు. వంటింటి గడపలో సిత్ వగీదా మళ్ళీ తలగుడ్డ చెంగుతో నోరు కప్పుకుని నిలబడి ఉంది. మళ్ళీ భుజాలు అదురుతున్నాయి.

“ఏడవకండి,” అన్నాడు కంగారుగా, కుంచె రంగులో ముంచి లోపలికి అడుగేస్తూ. “ఏ గోడ నుంచి మొదలుపెట్టమంటారు?”

నాలుగు గోడలకూ నేల నుంచి కప్పు దాకా, ఇల్లు కట్టిన నాటి తెల్లటి టైల్సే.