తాళంచెవి ఎవరి దగ్గర?

"తుపాకీ ఎవరిది?" విమానాశ్రయం కౌంటరులోని అమ్మాయి అడిగింది.

"నాదే. అలాస్కాలో దుప్పుల వేటకి," అంది డెబ్బై రెండేళ్ల వెర్నా.

"తుపాకీ పెట్టె తెరవండి."

కొడుకు కర్టిస్ జేబులోంచి తాళంచెవి తీశాడు. "ఈ వయసులో అమ్మకి వేటేంటండీ! అందుకే పెట్టెకి ఈ తాళం నేనే వేశా, తాళంచెవి నా దగ్గరే ఉంటుంది."

"మీరూ విమానం ఎక్కుతున్నారా?"

"లేదు."

"అయితే కుదరదు సార్. అది ప్రయాణం చేసేవాళ్ల దగ్గరే ఉండాలి."

వెర్నా అరచెయ్యి చాచింది. కర్టిస్ మొహం మాడ్చుకుని తాళంచెవి అందులో పెట్టాడు.

"మంచి తాళమే ఏరి కొన్నావురా!"

"ఈ రూలు నీకు ముందే తెలుసా అమ్మా?"

"నిన్నటిదాకా తెలీదు. నీ తాళం కోస్తుంటే రంపం విరిగింది. అప్పుడు విమానం వాళ్లకి ఫోన్ చేసి కనుక్కున్నా."

కర్టిస్‌కి నవ్వాగలేదు. పెట్టె తనే ఎత్తి కాటా మీద పెట్టాడు.

"వెళ్తే వెళ్లావు, పెద్ద దుప్పినే కొట్టుకురా."